ఫ్రిజ్‌కు తలంటు

మా ముత్తాత ఊరి మునసబు. ఆయన అరుగు దిగి వీధిలోకి వస్తే, ఎదురొచ్చే బండివాడు దిగి ఎడ్ల పక్కన నడిచేవాడట. మా తాత పొగాకు రోజుల్లో ఆకు కాల్చే బ్యారన్లు కట్టించాడు. వాటి పొగగొట్టాలు కనబడితే ఊరు దగ్గర పడిందని రహదారి మీద బస్సులవాళ్ళు గుర్తుపట్టేవారు. మా నాన్న మిరప వేశాడు. గుంటూరు యార్డులో మా ఇంటి బస్తా మూతి విప్పకుండానే బేరం ఖాయం చేసేవారు. మొదటి రెండూ విన్నవి, మూడోది నేను కళ్ళారా చూసింది. పేర్లు రాయను. మా ఊళ్ళో అడిగితే ఎవరైనా చెబుతారు.

ఇదంతా ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఫ్రిజ్ వంటింట్లో కాక ముందు సావిట్లో, వీధి తలుపుకి ఎదురుగా ఎందుకు ఉండేదో తెలియాలి గనుక. మిరప బాగా పలికిన ఒక ఏడాది, బస్తాలు దింపి తిరిగొచ్చే లారీలోనే నాన్న దాన్ని ఎక్కించుకొచ్చాడు. మా ఊళ్ళో అదే మొదటి ఫ్రిజ్. నేల చెమ్మకు అడుగు తుప్పు పడుతుందని మార్టూరు నుంచి నున్నగా సాన పట్టిన నల్లరాయి పలక తెప్పించి, దాని మీద నిలబెట్టాడు. పక్కన స్టూలు మీద స్టెబిలైజర్. చూడ్డానికి వచ్చినవాళ్ళకు అమ్మ గాజు గ్లాసుల్లో చల్లటి నీళ్ళు ఇచ్చేది. వాళ్ళు పళ్ళు జివ్వుమని నవ్వుకుంటూ వెళ్ళేవారు.

తొంభైల చివరికి ఆ సావిట్లో ఫ్రిజ్, నల్లరాయి, నాన్న ఫొటో మిగిలాయి. బ్యారన్ల రేకులు పోయాయి, ఎడ్లు పోయాయి, పొలం ముక్కలు ముక్కలుగా పోయింది. చిట్టచివర కట్టకింద చేను కూడా పోయింది. నాన్న పోయి అప్పటికి చాలాకాలం. నాకింకా పెళ్ళి కాలేదు. హైవే పక్కనున్న కోల్డ్ స్టోరేజీలో సరుకు దిగుమతి చూసే పనిలో ఉండేవాణ్ణి. మా తాత మనవడు ఇంకొకరి గోడౌనులో పని చేయడమేమిటని కొందరు అనుకున్నారు. ఎవరి సరుకైనా సరే, మిరప బస్తాల మధ్య నిలబడడం నాకు చిన్నతనం అనిపించలేదు.

ఇంట్లో అమ్మా నేనూ. ఇద్దరికి అంత ఫ్రిజ్ అక్కరలేదు. అయినా శుక్రవారం గడప కడిగినంత శ్రద్ధగా అమ్మ దాన్నీ కడిగేది. మొదట ప్లగ్గు తీసి తీగ చుట్టి పైన పెట్టేది. మంచు కరిగేదాకా తలుపు బార్లా తీసి, కింద పాత దుప్పటి పరిచేది. మంచును దేనితోనూ గీకనిచ్చేది కాదు. ఒకసారి నాన్న తొందరపడి అట్లకాడతో గీకితే లోపలి గొట్టానికి చిల్లి పడి గ్యాసంతా పోయింది. చిలకలూరిపేట నుంచి మెకానిక్ వచ్చేదాకా మా ఫ్రిజ్ గోడకు ఆన్చిన బీరువాలా నిలబడింది. అప్పటినుంచి ఇనుప వస్తువు దాని దరిదాపులకు పోరాదు. మంచు జారి ట్రేలో పడ్డాక, గోరువెచ్చటి నీళ్ళలో వంటసోడా కలిపి అరలన్నీ తుడిచేది. తలుపు రబ్బరు మడతల్లో నలుపు చేరకుండా కొబ్బరి ఈనెకు గుడ్డ చుట్టి చివరిదాకా లాగేది. వెనక జాలీ మీద పేరుకున్న బూజు దులిపే పని నాది. ఆఖరికి తలుపు మధ్య కాగితం పెట్టి మూసి లాగి చూసేది. కాగితం బిగుసుకుంటే తృప్తిగా, "గట్టిగానే ఉందిరా పెద్దమనిషి" అనేది.

నాన్న పోయాక అమ్మ మాంసం, చేపలు మానేసింది. ఊళ్ళో అప్పటికి మరికొన్ని ఇళ్ళలో ఫ్రిజ్‌లు వచ్చాయి గానీ, నీచు తగలనిది మాది ఒక్కటే. అందుకే పూలావిడ మా గడప తొక్కింది.

ఆవిడ తురకల వీధి మనిషి. భర్తకు చూపు ఆనేది కాదు, అయినా చేత్తో తడుముతూ మల్లెలు, కనకాంబరాలు మాల కట్టేవాడు. ఆవిడ గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మూర లెక్కన అమ్మేది. పెళ్ళిళ్ళకు దండలూ పూలజడలూ వాళ్ళవే. ఎండాకాలంలో ముందురోజు కట్టిన పూలు తెల్లారేసరికి వాడిపోతున్నాయని, ఒకరోజు మెట్టు దిగువనే నిలబడి అడిగింది.

"అమ్మగారూ, మీ ఫ్రిజ్‌లో ఒక మూల చోటిస్తారా అండీ? ఇంకో ఇంట్లో పెడితే పీతల కంపు కొడతన్నాయి. నిన్న ఒకావిడ మూర కొని వాసన చూసి, పులుసు పెట్టుకోమంటావా తల్లో పెట్టుకోమంటావా అనడిగింది."

అమ్మ నవ్వి లోపలికి రమ్మంది. అద్దె మాట ఆవిడ ఎత్తబోతే, "మా ఇంట్లో వస్తువులు అద్దెకివ్వం" అని తుంచేసింది. అప్పటినుంచి పూలావిడ సాయంత్రం తడిగుడ్డలో చుట్టిన మాలలు పై అరల్లో సర్దేది, పొద్దున్నే తీసుకుపోతూ ఒక మూర తుంచి ఫ్రిజ్ మీద పెట్టేది. అమ్మ దాన్ని నాన్న ఫొటోకి వేసేది.

కింది పెట్టె మాత్రం, కూరగాయలు పెట్టుకునేది, ఎవరూ ముట్టుకోకూడదు. అందులో కట్టకింద చేని కాయ ఉండేది. ఆ చేలో ఆఖరు కోతలో అమ్మ ఏరి పక్కన పెట్టిన ఎండుమిరపకాయలు. బయట ఉంచితే రంగు చచ్చి పురుగు పడుతుంది. చల్లదనంలో ఉంటే ఎర్రగానే ఉంటుందని మా కోల్డ్ స్టోరేజీ సంగతి వినివిని, మందపాటి కవర్లో కట్టి అందులో దాచింది. నిజంగానే ఏళ్ళు గడిచినా కాయ నిన్న కోసినట్టే ఉండేది. ఆవకాయకు కూడా అవి తీసేది కాదు. చుట్టాలొస్తే ఒక కాయ తెచ్చి, తుంచి గింజ చూపించి, మళ్ళీ లోపల పెట్టేది. కట్టకింద చేను కొన్నది మాకు పూర్వం కౌలు చేసిన కుటుంబమే. వాళ్ళు అందులో పత్తి వేశారు. ఆ రకం మిరప మళ్ళీ ఎవరూ వేయలేదు.

ఆ కొన్నవాళ్ళ ఇంట్లోనే పిల్లకు పెళ్ళి కుదిరింది. పూలన్నీ మా పూలావిడకే అప్పగించారు. ముందు నిశ్చితార్థం, వారం తిరిగేసరికి పెళ్ళి. అంత పెద్ద పని ఆవిడకు అంతకుముందు రాలేదు. పెళ్ళి బాగా జరిగితే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా పిలుస్తారని ఆశ.

నిశ్చితార్థానికి ముందురోజు పగలంతా కరెంటు లేదు. మంచు కరిగి, ట్రే నిండి, నీళ్ళు కింది పెట్టెలోకి దిగాయి. కవరు అడుగున ఎక్కడో చిరుగు ఉన్నట్టుంది, కాయలు కొన్ని తడిశాయి. అమ్మ కంగారుపడి కాయలన్నీ చాటలో పోసి ఆరబెట్టింది. పెట్టె అడుగున మిగిలిన ఎర్రటి గుండను తుడిచింది. పూలు వచ్చే వేళ అయిందని అదే గుడ్డ, అదే బకెట్టు నీళ్ళతో పై అరలు, గోడలు, తలుపు అన్నీ శుభ్రంగా తుడిచేసింది. నేను పని నుంచి వచ్చేసరికి ఫ్రిజ్ ధగధగలాడుతోంది. కరెంటు వచ్చింది. పూలావిడ దండలు తెచ్చి, ఆ అరల మీదే పరిచి వెళ్ళింది.

మర్నాడు నేను పనిలో ఉండగా జరిగింది, విన్నదే రాస్తున్నాను. దండలు మార్చుకున్న కాసేపటికే పెళ్ళికొడుకు కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టాడట. సంతోషం పట్టలేక ఏడుస్తున్నాడని ఆడవాళ్ళు మురిసిపోయారట. ఇంతలో పిల్ల మెడ గోక్కోవడం, చెవుల వెనక ఎర్రబడడం చూసి దండలు తీయించారు. మంట తగ్గలేదు. ఎవరో అన్నారు, పురుగుమందు అని. పత్తి చేల పక్కన మల్లెతోటలు, పంపు కొట్టినప్పుడు గాలికి మందు పూల మీద పడి ఉంటుందని. మా ప్రాంతంలో ఆ మాట వింటే చాలు, జనానికి గుండె ఝల్లుమంటుంది. సాయంత్రానికి 'మందు పూలు' అనే పేరు వీధి వీధికీ వెళ్ళిపోయింది. పెళ్ళికి పూలు ఒంగోలు నుంచి తెప్పించుకుంటామని కబురు పెట్టారు.

నేను ఇంటికి వచ్చేసరికి పూలావిడ సావిట్లో నేల మీద కూర్చుని ఉంది. ఎదురుగా నలిగిన దండ.

"నేను కడిగి కట్టానండీ అమ్మగారూ. తోటాయన్ని వెళ్ళి అడిగాను, ఈ వారం మందే కొట్టలేదన్నాడు. మా ఆయన పూలు కట్టే దారం పంటితో తెంపుతాడు గదండీ, ఆయనకేం కాలేదే! ఇయ్యాల గంప దించనివ్వలా ఒక్కళ్ళూ. పిల్లలు ఎనక పడి మందు పూలు, మందు పూలు అంటన్నారు. ఇంక ఈ ఊళ్ళో ఎవరు కొంటారండీ?"

అమ్మ దండ చేతిలోకి తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. వేళ్ళతో దారం నలిపి చూసింది. తర్వాత అలవాటుగా కళ్ళజోడు పైకి ఎత్తి కన్ను నులుముకుంది. మరుక్షణం "అమ్మో" అని లేచింది. కన్ను ఎర్రగా అయిపోయి నీళ్ళు కారుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

"మందు కాదే ఇది. పిచ్చిదానా, ఇది మన కాయ! ఒరేయ్, చూశావా, కట్టకింద చేని కాయ ఘాటు! ఇన్నేళ్ళకు కూడా తగ్గలేదురా!"

తగ్గలేదనే మాటలో గర్వం ఉంది. వెంటనే పూలావిడ మొహం చూసి ఆగిపోయింది. గుడ్డ సంగతి, బకెట్టు సంగతి అప్పుడు గుర్తొచ్చాయి. మెల్లగా కూర్చుని, ఏం జరిగిందో మొదటినుంచి ఆవిడకు చెప్పింది. పూలావిడ విని, "మీరు కడిగినందుకా అండీ!" అంది.

మర్నాడు పెళ్ళివారింటికి నేను కబురు పంపిస్తానన్నాను. మా ఇంటి మనుషులు ఆ గడపకు వెళ్ళి ఎరగరు. వాళ్ళే మా అరుగు దగ్గరికి వచ్చేవారు. అమ్మ ఒప్పుకోలేదు.

"దాని పేరు ఊరంతా తిరిగింది. నా మాట కబురులో వెళ్తే సరిపోతుందా? నువ్వు గొడుగు తీసుకుని నడు."

పూలావిడ వెనక, అమ్మ ముందు, నేను పక్కన. వీధిలో మనుషులు చూస్తూనే ఉన్నారు. అమ్మ నడుము వంచకుండా నడిచింది. నేనూ అంతే.

ఆ ఇంటివాళ్ళు కంగారుగా కుర్చీలు లాగారు. పిల్ల తల్లి "రండమ్మగారూ, రండి" అంటూనే పూలావిడ వైపు కొరకొరా చూసింది. అమ్మ కూర్చోలేదు.

"పూలలో మందు లేదు. మా ఫ్రిజ్‌లో మిరపకాయలు పెట్టి, ఆ గుడ్డతోనే తుడిచింది నేను. మంట మా ఇంటిది. దీనిదేం తప్పు లేదు. ఈ మాట చెప్పడానికే వచ్చాను" అంది.

మంచం మీద కూర్చున్న పిల్ల నాయనమ్మ, వయసులో అమ్మ కంటే చాలా పెద్దది, చెవి ముందుకు పెట్టి వింటోంది. ఒక్కసారిగా గట్టిగా నవ్వింది.

"ఏ కాయ చిన్నమ్మగారూ? కట్టకింద చేందేనా?"

మా నాయనమ్మ బతికున్న రోజుల్లో అమ్మను అందరూ చిన్నమ్మగారనేవారు. అలా పిలిచేవాళ్ళు అప్పటికి ఇంకెవరూ మిగల్లేదు.

"అదే" అంది అమ్మ.

"నేననుకుంటూనే ఉన్నా! నిన్న పిల్ల మెడ మీద చెయ్యేసి నా చెయ్యి నేను నాక్కున్నానే కోడలా. నీకు చెబితే విన్నావా? ఆ చేలో ఎన్నేళ్ళు కోసినదాన్ని, ఆ మంట నాకు తెలవదా? సంకలో పిల్లకి పాలియ్యాలంటే కూడా ముందు నూనెతో చేతులు తోముకునేదాన్ని. పురుగుమందంట, పురుగుమందు!"

కోడలు మొహం తిప్పుకుంది. "అయితే మాత్రం, మళ్ళీ ఆ ఫ్రిజ్‌లోంచేగా పూలు రావాలి? పెళ్ళిపీటల మీద మళ్ళీ మండితే ఎవరు జవాబు చెప్తారత్తా?"

"కడిగిస్తారు" అంది ముసలావిడ.

"నీళ్ళతో కడిగితేనే గదా ఈ గోల" అంది కోడలు.

"నీళ్ళతో ఎవరు కడగమన్నారే? కోతకెళ్ళొచ్చి నీళ్ళతో చేతులు కడుక్కున్న ఆడది ఉందా ఈ ఊళ్ళో? నూనె పెట్టాలి. చిన్నమ్మగారికి నేను చెప్పాలా?"

అమ్మ తల ఊపింది. మర్నాడే కడుగుతామని, పూలు ఫ్రిజ్‌లో పెట్టి చూసి, సరిగ్గా ఉంటేనే తీసుకోమని తనే అంది. ఒంగోలు కబురు రెండు రోజులు ఆపడానికి కోడలు ఒప్పుకుంది.

మర్నాడు పొద్దున ప్లగ్గు తీసి, అరలన్నీ ఊడదీసి పెరట్లో మంచం మీద వేశాం. నువ్వులనూనె గోరువెచ్చగా కాచి గిన్నెలో పోసుకుని అమ్మ పీట వేసుకుని ఫ్రిజ్ ముందు కూర్చుంది. పూలావిడ కొంగు దోపుకుని రెండో పక్క కూర్చుంది. గోడలకు, తలుపుకు, మంచు పెట్టె చుట్టూ నూనె రాశారు. కడ్డీ అరలకు ఒక్కో కడ్డీకీ రాశారు. రబ్బరు మడతల్లో మాత్రం నూనె ఎక్కువైతే ఉబ్బుతుందని, ఈనె చివర గుడ్డను నూనెలో అద్ది పిండి, తేలిగ్గా లాగింది అమ్మ. కాసేపు నాననిచ్చి, శనగపిండి చల్లి, పొడిగుడ్డతో రుద్దారు. పిండి నూనెను లాక్కుని ఉండలు ఉండలుగా రాలింది. ఒక్కో గుడ్డా ఒక్కసారే వాడి పెరట్లో పారేశాం. ఆపైన కుంకుడుకాయ రసం. సావిడంతా పండగ పొద్దున్న స్నానాల గదిలా వాసన కొట్టింది.

"పిల్లకాయకి చేసినట్టే చేస్తన్నాం గదండీ. కళ్ళలోకి పోతే ఏడుస్తాదేమో" అంది పూలావిడ.

"ఏడిస్తే నీ దగ్గరికే వస్తుంది. తుడువు" అంది అమ్మ.

"మంగళహారతి కూడా ఇద్దామా అండీ? పేరంటాళ్ళను పిలుస్తా."

"నోరు ముయ్యవే, నవ్విస్తే చెయ్యి వణుకుతోంది."

ఆఖర్న గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, ఆరేదాకా తలుపు తీసి ఉంచాం. అరలు ఎండలో మెరిశాయి. అమ్మ ఒక్కో కడ్డీ మీద వేలు రాసి, ఆ వేలు పెదవికి తాకించి చూసుకుంది. అన్నీ అయ్యాక నా వైపు తిరిగి సరేనంది. తలుపు మధ్య కాగితం పెట్టి లాగింది. బిగుసుకుంది.

అలాగే నూనె పట్టించి కడిగిన కింది పెట్టె ఖాళీగా పక్కన ఉంది. కాయలు చాటలో ఉన్నాయి. వాటిని మళ్ళీ అందులో పెట్టాలా అని నేను అడగలేదు. అమ్మ ఆ పెట్టెను లోపల దూర్చి, అందులో తడిగుడ్డ పరిచి, "జడ పూలు ఇందులో పెట్టుకో. తేమ ఇక్కడే ఎక్కువ నిలుస్తుంది" అని పూలావిడకు చెప్పింది.

ఆ సాయంత్రం పూలావిడ ఒక మల్లెదండ తెచ్చి పెట్టింది. పొద్దున్నే వచ్చి దాన్ని తీసి, మాకు చెప్పకుండానే తన మెడలో వేసుకుంది. గంప నెత్తిన పెట్టుకుని ఆ దండతోనే ఊరంతా తిరిగింది. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు, "ఏందమ్మోయ్, ఎలక్షన్లో గెలిచావా?" అని కేకేశారట. "గెలిచాను బాబాయ్, మూర కొనుక్కో" అందట. మధ్యాహ్నానికి ఆ పెళ్ళింటి ముందు ఆగి, దండ తీసి మెడ చూపించింది. మెడ మీద చెమట తప్ప ఏమీ లేదని ముసలావిడే తడిమి చెప్పిందట. పెళ్ళి పూలు పూలావిడే ఇచ్చింది. పెళ్ళికొడుకు ఈసారి ఏడవలేదు.

పెళ్ళి ముందు సాయంత్రం ఆ నాయనమ్మ కర్ర పొడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. ఫ్రిజ్ తలుపు తీయించి లోపల తెల్లగా, పూలతో నిండి ఉండడం చూసింది. తర్వాత మూలనున్న చాట వైపు చూసింది.

"ఆ కాయ నాకియ్యండి చిన్నమ్మగారూ. పిల్ల సారెలో పెట్టే కారం ఆ కాయతో కొట్టిస్తా. మా చేలో ఇప్పుడు పత్తి తప్ప ఏముంది? గింజ కూడా తీసి పెట్టుకుంటా. వచ్చే యేడు గట్టు పక్కన నాలుగు సాళ్ళు పోయించి చూస్తా, నేనుంటే."

"తీసుకెళ్ళు" అంది అమ్మ.

"ఊరికే తీసుకోను. మీ ఇంట్లో ఊరికే తినే రోజులు అయిపోయినయ్. మీవీ అయిపోయినయ్, మావీ అయిపోయినయ్. తూకం ఏయించండి."

నాకు కోపం వచ్చింది. ఆ మాటలో కొంచెమైనా ఎత్తిపొడుపు ఉంటే నేనే పంపించేసేవాణ్ణి. లేదు. అమ్మ ఆవిణ్ణి తేరిపార చూసి, తర్వాత నన్ను కిరాణా కొట్టు నుంచి తక్కెడ తెమ్మంది. తెచ్చాను. అమ్మ చాటలోంచి ఒక్క కాయ తీసి నాన్న ఫొటో ముందు పెట్టింది. మిగిలినవి తక్కెడలో పోసింది. ముల్లు నిలిచేదాకా ముగ్గురమూ దాన్నే చూశాం.

లారీలకెత్తి మిరప అమ్మిన ఇల్లు మాది. ఆ సాయంత్రం మా సావిట్లో రెండు కిలోలు అమ్మాం.